దేసాంకా తెల్ల ఏప్రన్

ఆస్ట్రేలియా ఎడారిలో ఒపల్ గనుల ఊరైన కూబర్ పీడీలో రాళ్ళ సంగతి తెలిసినవాడెవడూ దీపం కింద చూసి మాట ఇవ్వడు. ఒపల్ రాయికి అంత టక్కు ఉంది. బల్బు కింద నిప్పుకణికలా మెరిసింది కాస్తా ఎండలోకి వచ్చేసరికి బూడిదరంగుకి తిరుగుతుంది. అందుకే బేరం సగంలో ఉండగానే లేచి, రాయిని అరచేతిలో పెట్టుకుని గుమ్మం దాకా నడుస్తారు. అక్కడ ఎండలో అటూ ఇటూ తిప్పి చూశాకే నోరు విప్పుతారు. వుకాశిన్‌ది మరీ చాదస్తం. తన గనిలో తన చేత్తో తవ్వి తీసిన రాయిని కూడా గుమ్మంలో చూసుకోనిదే నమ్మేవాడు కాదు. అలాంటి మనిషి, ముప్పై ఏళ్ళు కాపురం చేసిన పెళ్ళాం ముఖాన్ని ఒక వేసవంతా కెమెరా ఫ్లాష్ వెలుగులో చూస్తూ కూర్చున్నాడు. ఒక్కసారంటే ఒక్కసారి గుమ్మం దాకా తీసుకురాలేదు. ఆ వేసవిలోనే ఆ ఇల్లాలు దేసాంకా ఒంట్లో జబ్బు ముదిరింది.

వుకాశిన్ పుట్టింది సెర్బియాలో, ఆలూబుఖారా తోటలున్న ఊళ్ళో. మీసం సరిగ్గా రాకముందే ఓడెక్కి వచ్చి ఈ ఎర్రనేల మీద పడ్డాడు. పగలు గనిలో తవ్వకం, పొద్దువాలాక కొండలో కొంప కోసం తవ్వకం. నాలుగు గదులూ ఆయన చేతివే. బయట రేకుల మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కే రోజుల్లో కూడా లోపల చల్లగా ఉంటుంది. కిటికీ లేదు. కొండ కడుపులో కిటికీ ఎక్కడి నుంచి వస్తుంది? గాలికి పైకొక గొట్టం, మనుషులకి ముందొక గుమ్మం, అంతే. గోడలు గులాబీరంగులో పసుపు చారలు కలిసిన రాయి. పగలైనా రాత్రైనా ఆ ఇంట్లో వెలుతురంటే బల్బు వెలుతురే.

దేసాంకా ఆయన ఫోటో చూసి పెళ్ళికి ఒప్పుకుని వచ్చిన మనిషి. వచ్చాక, ఫోటోలో ఉన్నవాడు వేరే ఎవడో అని జీవితాంతం దెప్పింది. "ఆ స్టూడియోవాడు దీపాలు అటు పెట్టి ఇటు పెట్టి నిన్ను అందగాణ్ణి చేశాడు. నా కొంప ముంచింది వాడే" అనేది. ఊరి చివర మోటెల్‌లో వంట చేసేది. గంజి పెట్టిన తెల్ల ఏప్రన్ లేకుండా ఆమెని ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. ఈ దుమ్ములో, నీళ్ళు చూసి చూసి వాడుకునే ఈ ఊళ్ళో, ఆ ఏప్రన్‌ని అంత తెల్లగా ఎలా ఉంచుతుందని ఆడవాళ్ళు ఏడ్చేవాళ్ళు. ఆ దంపతులకి పిల్లల్లేరు. ఎవరైనా ఆ మాటెత్తితే ఆవిడ కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టేది, ఆయన గనికి బయల్దేరేవాడు.

బతికుండగానే సమాధిరాయి వేయించుకోవడం సెర్బుల ఆనవాయితీ. మొగుడూ పెళ్ళాల పేర్లు, పుట్టిన ఏళ్ళు చెక్కించి, పోయే ఏడు ఖాళీగా వదిలేస్తారు. పేరు పైన గుడ్డు ఆకారంలో పింగాణీ మీద ఫోటో అతికిస్తారు. అందులో అశుభం ఏమీ లేదు, ఇల్లు కట్టుకున్నట్టే అదీనూ. వుకాశిన్ కూడా రాయి వేయించాడు. ఫోటోల సంగతి మాత్రం ఏళ్ళ తరబడి వాయిదా పడుతూ వచ్చింది. నల్లరాయి మీద రెండు ఖాళీ గుడ్లు బోసిగా చూస్తూ ఉండేవి. వుకాశిన్ పెళ్ళికి సాక్షి నిలబడ్డ థనాసిస్ అనే గ్రీకువాడికి అదొక పెద్ద వేళాకోళం. పెళ్ళిలో సాక్షి నిలబడ్డవాణ్ణి 'కూమ్' అంటారు, వాడు తోడబుట్టినవాడి కంటే ఎక్కువ.

"ముఖాల్లేని రాయిరా అది" అనేవాడు థనాసిస్. "రేపు దేవుడొస్తే ఎవర్ని లేపాలో తెలీక పక్కవాళ్ళని లేపుకుపోతాడు."

దూరాన ఉన్న అడిలైడ్ నగరం వెళ్ళి స్టూడియోలో తీయించుకుందామంటే దేసాంకా ఒప్పుకోలేదు. "స్టూడియోవాళ్ళ మీద నాకెప్పుడో నమ్మకం పోయింది. ఏం, నువ్వు తియ్యలేవా? మోకాళ్ళు పోయి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నావ్ కదా."

అక్కడ మొదలైంది. ఊరు చూడ్డానికి వచ్చిన కుర్రాడొకడికి చిన్న రాయి ఇచ్చి కెమెరా, దాంతో పాటు రెండు ఫ్లాష్ దీపాలు పుచ్చుకున్నాడు. ఇక ఆ శీతాకాలమంతా ఇంట్లో పిడుగులే. ఫ్లాష్‌ని తిన్నగా ముఖం మీదికి కొడితే దేసాంకా దొంగతనం చేస్తూ పట్టుబడ్డదానిలా వచ్చింది. పైకప్పుకి కొడితే కళ్ళ కింద గుంటలు పడ్డాయి. పక్క గోడకి కొడితే వెలుగు మెత్తగానే పడింది కానీ, గోడ రంగంతా వెంట తెచ్చి ముఖానికీ ఏప్రన్‌కీ కాఫీ కప్పుకీ ఒకటే పసుపు పులిమింది. దానికి మందు కనిపెట్టడానికి వుకాశిన్‌కి చాలా రోజులు పట్టింది. చివరికి గోడకి తెల్ల దుప్పటి కట్టి, దాని మీదికి ఫ్లాష్ కొట్టాడు. రంగులు ఎక్కడివక్కడ కుదిరాయి. ఆయన గాల్లో తేలిపోయాడు. ఎవరొచ్చినా ముందు గోడ సంగతి చెప్పేవాడు, "ఈ గోడలు దొంగముండలు, వెలుగుని పాడుచేస్తాయి" అని.

దాంతో ఆగితే వుకాశిన్ ఎందుకవుతాడు? నల్ల అట్టని గొట్టంలా చుట్టి ఫ్లాష్‌కి తొడిగాడు. చీకట్లో పిండి పిసికే దేసాంకా చేతులు మాత్రమే వచ్చాయి. ఇంకోసారి ఇంట్లో దీపాలన్నీ ఆర్పి, కెమెరా కన్ను తెరిచి ఉంచి, ఆమెని మూడు చోట్ల నిలబెట్టి ఒక్కోచోట ఒక్కోసారి ఫ్లాష్ వెలిగించాడు. ఒకే ఫోటోలో ముగ్గురు దేసాంకాలు. ఒకామె పొయ్యి దగ్గర, ఒకామె నడుం మీద చెయ్యి వేసుకుని, ఒకామె బల్ల దగ్గర ఊరికే కూర్చుని.

"ఒక్కదానితోనే వేగలేవు, ముగ్గుర్ని ఏం చేసుకుంటావ్?" అంది.

"ఒకత్తి వండుతుంది, ఒకత్తి తిడుతుంది, ఒకత్తి నోరు మూసుకుని కూర్చుంటుంది. ఆ మూడోదాన్ని ఉంచుకుంటా."

ఆ ఫోటో చూసి దేసాంకా కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. వుకాశిన్‌కి ఆ శీతాకాలం తలుచుకుంటే ఇప్పటికీ ముందు ఆ నవ్వే గుర్తొస్తుంది.

నవంబరుతోనే అక్కడి వేసవి వచ్చింది. ఎండలు తగ్గేదాకా మోటెల్ మూసేశారు. ఎండ తగ్గని రోజులు వరసగా నడిచాయి. సరుకులు వుకాశినే తెచ్చేవాడు, దేసాంకా గడప దాటేది కాదు. ఆ ఊళ్ళో వేసవిలో ఆడవాళ్ళెవరూ దాటరు, కాబట్టి ఎవరికీ వింతగా తోచలేదు. సమాధిరాయికి పెట్టే అసలు ఫోటో ఆ తీరిక రోజుల్లో తీసేద్దామని వుకాశిన్ సంకల్పం. దుప్పటి కట్టాడు, కుర్చీ వేశాడు, తీశాడు. చూసుకుంటే ముఖం పసుపుగా ఉంది.

మళ్ళీ గోడే అనుకున్నాడు. ఏ మూలనుంచో గోడ వెలుగు తొంగిచూస్తోందని పక్క గోడకీ దుప్పటి కట్టాడు. మళ్ళీ పసుపే. దుప్పటికి దుమ్ము పట్టిందని తీర్మానించి, "దేసా, ఇవి ఉతికిపెట్టు" అన్నాడు. ఆమె ఉతికింది. ఉతుకుతూ మధ్యలో రెండుసార్లు తొట్టి అంచు మీద కూర్చుంది. అలా కూర్చోవడం వుకాశిన్ చూశాడు. ఎండాకాలం కదా, నీరసం అనుకున్నాడు.

కూర్చోబెట్టి ఫోటో తీస్తుంటే ఆమె చేతులు గోక్కునేది. మోచేతులు, మెడ, అరికాళ్ళు కూడా. ఫోటోలో చేతులు అలుక్కుపోయి వచ్చేవి.

"కదలొద్దంటే వినవేం? చిన్నపిల్లవా?"

"దురద. రాత్రంతా ఇదే. ఆ దుప్పట్ల సబ్బు పడలేదేమో."

"ఒక్క నిమిషం ఓర్చుకో. తర్వాత నీ ఇష్టమొచ్చినంత గోక్కో."

ఆమె ఓర్చుకుంది. ఒకప్పుడైతే కెమెరా తీసి గాలి గొట్టంలోంచి బయటికి విసిరేస్తానని బెదిరించేది. ఇప్పుడు మాట కూడా అనట్లేదు. కాఫీ వాసన గిట్టట్లేదని మానేసింది. తన కంచంలో అన్నీ అలాగే వదిలేసి లేస్తోంది. ఆ మూడో దేసాంకా ఇంట్లోకి వచ్చి కూర్చుంది, మూర్ఖుడికి అది హాయిగా తోచింది. ఎట్టకేలకు కుదురుగా కూర్చోవడం నేర్చుకుందని లోలోపల సంతోషించాడు కూడా.

ఒకరోజు ఆమె తనే అడిగింది. కొళాయి దగ్గర అద్దంలో చూసుకుని, తడిచేతులతోనే వచ్చి దీపం కింద నిలబడింది.

"ఓ మనిషీ, ఒకసారి ఇటు చూడు. నా కళ్ళేంటి, తెల్లగుడ్డు పసుపుగా లేదూ?"

వుకాశిన్ కెమెరా తుడుస్తూ తలెత్తాడు. చూశాడు. పసుపుగానే ఉంది. పైన బల్బు చూశాడు, వెనక గోడ చూశాడు.

"ఈ బల్బు కింద ఎవరి కళ్ళైనా అంతే. దానికి తోడు గోడ. చెప్పాను కదా, ఈ గోడలు వెలుగుని పాడుచేస్తాయని."

"అంతేనంటావా?"

"ఇన్ని నెలలుగా దీన్తోనే కుస్తీ పడుతున్నాను, నాకు తెలీదా?"

"సరేలే" అని వెళ్ళి పడుకుంది.

వుకాశిన్‌ని గుడ్డివాడు అనడానికి లేదు. అసలు పాపం అదే. ఆ ఫోటోల్లో ఏప్రన్ తెల్లగా ఉంది. మల్లెపువ్వంత తెల్లగా ఉంది. తప్పు గోడదే అయితే ఏప్రన్‌కీ పసుపు అంటాలి కదా? ఆ ప్రశ్న ఆయన బుర్రలోకి రాకపోలేదు, వచ్చింది. ఒకరోజు భోజనం బల్ల దగ్గర చాలాసేపు దాన్నే పట్టుకుని కూర్చున్నాడు. ముఖం చర్మానికి మెరుపుంటుంది, గుడ్డకి ఉండదు, అందుకని గోడ రంగుని ముఖమే ఎక్కువ పట్టుకుంటుంది అని తనకి తనే జవాబు చెప్పుకున్నాడు. ఆ జవాబుతో ఆయనకి కడుపు నిండిపోయింది.

తర్వాత మందు వెతికాడు. పసుపుని చంపాలంటే నీలం కావాలి. పిప్పరమెంటు డబ్బా మీది పల్చటి నీలం కాగితం ఫ్లాష్ ముందు అతికించాడు. ఒక పొర చాల్లేదు, రెండు పొరలు వేశాడు. దేసాంకాని కూర్చోబెట్టి తీశాడు. చూసుకుంటే, ఆహా, పసుపు పోయింది! ముఖం పాల మీగడలా ఉంది, బుగ్గల్లో ఎరుపు తేలింది. ఆయన కుర్చీలోంచి గెంతినంత పని చేసి, కెమెరా తెచ్చి ఆమె ముక్కు ముందు పెట్టాడు.

"చూడు! ఇదీ ముఖమంటే!"

దేసాంకా చాలాసేపు చూసింది. "నా ఏప్రన్ నీలంగా వచ్చింది" అంది.

"ఏప్రన్ ఎవడు చూస్తాడే?"

"నాకు నీలం ఏప్రన్ లేదు."

"లేకపోతే లేదు. ముఖం చూడు ముఖం."

"ముఖం బాగుంది" అంది దేసాంకా. "ఇంత బాగా నేనెప్పుడూ లేను."

జనవరిలో ఇంటి దేవుడి పండగ వచ్చింది. ఏడాదికోసారి సెర్బుల ఇంట్లో తమ వంశాన్ని కాచే సెయింట్ పేర రొట్టె కోసి, గోధుమల పాయసం పంచి, పిలిచినా పిలవకపోయినా వచ్చినవాళ్ళందరికీ భోజనం పెట్టే రోజది. దేసాంకా క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి పెద్ద కుండ నిండా వండింది. తను మాత్రం ముద్ద నోట పెట్టలేదు. వంటగదిలో పని, దీపాల గది, కొవ్వొత్తి పొగ. వచ్చినవాళ్ళని వుకాశిన్ గుమ్మంలో ఎదుర్కొని లోపలికి తెచ్చాడు. కొవ్వొత్తి వెలుగులో అందరి ముఖాలూ పసుపే. నీలం కాగితం ఫోటోని పెద్దగా వేయించి గోడకి తగిలించాడు, అందరూ శభాష్ అన్నారు. థనాసిస్ ఒక్కడే దగ్గరికి పోయి కళ్ళు చికిలించి చూశాడు.

"బాగుందిరా. ఏప్రన్‌కేమైంది? నీలిమందులో ముంచిందా?"

"ముఖానికి రంగు కుదరాలంటే ఏదో ఒకటి వదులుకోవాలి" అన్నాడు వుకాశిన్, పెద్ద గురువులా.

థనాసిస్‌కి ఇంటికెళ్ళి కుక్కలకి తిండి పెట్టే గొడవ. అందరికంటే ముందు, ఎండ ఇంకా మండుతుండగానే లేచాడు. వట్టిచేతులతో పంపడం దేసాంకాకి తెలీదు. గిన్నెలో క్యాబేజీ చుట్టలు సర్ది, గుడ్డ కట్టి, అతని వెనకే గుమ్మం దాకా వచ్చింది. కొన్ని వారాల తర్వాత అదే మొదటిసారి ఆమె గుమ్మంలోకి రావడం. థనాసిస్ నల్లకళ్ళద్దాలు పెట్టుకోబోతూ, గిన్నె అందుకోవడానికి వెనక్కి తిరిగాడు. చేతిలో అద్దాలు చేతిలోనే ఉండిపోయాయి.

"కూమా" అన్నాడు, పెళ్ళికి సాక్షి నిలబడ్డ వరసతో. "కాస్త ముందుకి రా. ఎండలోకి."

"ఎందుకు, కళ్ళు పోతాయి నాకు."

"ఒక్క అడుగు."

ఆమె గడప దాటి ఒక అడుగు వేసింది. థనాసిస్ ఆమె గడ్డం పట్టుకుని ముఖం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తర్వాత లోపలికి చూసి కేకేశాడు.

"ఒరేయ్ వుకా! ఇలా రా. గ్లాసు అక్కడ పెట్టి రా!"

వుకాశిన్ నవ్వుతూనే వచ్చాడు. మధ్యాహ్నపు ఎండలో, తెల్ల ఏప్రన్ కట్టుకుని, గిన్నె రెండు చేతులతో పట్టుకుని ఆయన పెళ్ళాం నిలబడి ఉంది. ముఖం, మెడ, చేతులు, కళ్ళు పసుపు ముద్దలో ముంచి తీసినట్టున్నాయి. బయట గోడ లేదు, బల్బు లేదు. పచ్చకామెర్లని చిన్నపిల్లలు కూడా పోల్చుకునే వెలుతురు.

"ఎన్నాళ్ళ నుంచిరా ఇది?" అన్నాడు థనాసిస్.

దేసాంకా ఒక్కొక్కరి ముఖం చూసింది. "ఏంటి? ఏమైంది నాకు?" అని అడిగింది. అప్పుడు తన చేతుల వంక తనే చూసుకుంది.

ఊళ్ళో ఆసుపత్రివాళ్ళు మర్నాడే విమానంలో అడిలైడ్ పంపారు. అక్కడ కడుపు లోపల, పైత్యం దిగే దారి దగ్గర గడ్డ ఉందన్నారు. అప్పటికే కాలేయానికి పాకిందన్నారు. పసుపు ఎప్పుడు మొదలైందని డాక్టరమ్మ అడిగితే, దేసాంకా మొగుడి వైపు చూసింది. వుకాశిన్ సంచిలోంచి కెమెరా తీశాడు. ఫోటోలు ఒక్కొక్కటే వెనక్కి తిప్పుకుంటూ పోయి, క్రిస్మస్‌కి చాలా ముందు తీసిన ఒక ఫోటో దగ్గర ఆగి, ఆమెకి అందించాడు. డాక్టరమ్మ చూసి తిరిగి ఇచ్చేసింది.

వరండాలో ఆమెని పట్టుకుని అడిగాడు. "అప్పుడే తెచ్చి ఉంటే?"

"చెప్పలేనండి. కోసి తీయడానికి వీలయ్యేదేమో. కాకపోయేదేమో."

ఆ 'ఏమో' వుకాశిన్‌ని పట్టుకుంది. కాదని గట్టిగా చెప్పి ఉంటే ఏడ్చి ఊరుకునేవాడు. ఔనని చెప్పి ఉంటే ఏం చేసుకునేవాడో ఏమో.

ఆ రోజు మంచం పక్కన కూర్చుని అన్నాడు. "నన్ను తిట్టవేమే?"

దేసాంకా కళ్ళు మూసుకునే ఉంది. "నేనడిగాను కదా నిన్ను. బల్బు అన్నావు."

"అన్నాను."

"నీకు తెలుసనుకున్నాను" అంది. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా భరించేవాడు.

ఇంటికి పోతానని పట్టుబడితే తీసుకొచ్చాడు. కొండలోని ఆ చల్లటి గదిలో మార్చి చివరి దాకా ఉంది. వుకాశిన్ ఫ్లాష్ దీపాలు తీసి గని సామాన్ల పెట్టెలో పడేశాడు. ప్రతి సాయంత్రం ఎండ చల్లబడ్డాక కుర్చీతో సహా ఆమెని గుమ్మం దాకా మోసుకొచ్చి కూర్చోబెట్టేవాడు. మోకాళ్ళు కలుక్కుమంటున్నా ఒక్క రోజూ మానలేదు. థనాసిస్ సాయం పడతానంటే పట్టనివ్వలేదు. ఆ గుమ్మంలో కూర్చునే ఒకరోజు ఆమె సమాధిరాయి మాట ఎత్తింది.

"నీలం ఏప్రన్‌ది పెట్టు."

"వద్దు దేసా. అది కాదు. ముందు తీసినవి ఉన్నాయి, శీతాకాలంవి. వాటిల్లో నవ్వుతున్నావు. ముగ్గురున్నదాంట్లోంచి ఒకత్తిని తీయిస్తా."

"అదే పెట్టు. అందులో నాకు జబ్బు లేదు."

ఆయన కుర్చీ పక్కనే నేల మీద కూలబడి, ఆమె ఒళ్ళో తల పెట్టి, చంటిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె గోళ్ళతో ఆయన జుట్టు దువ్వుతూ కూర్చుంది.

ఆమె చెప్పిన ప్రకారమే నల్లరాయి మీద ఎడమవైపు గుడ్డులో దేసాంకా వచ్చింది. పాల మీగడ ముఖం, ఎర్రటి బుగ్గలు, నీలం ఏప్రన్. కుడివైపు గుడ్డు ఇంకా ఖాళీ. ఆమె పోయిన నలభయ్యో రోజు పూజకి వచ్చినవాళ్ళు కొవ్వొత్తులు వెలిగించి, ఒక్కొక్కరే ఫోటో దగ్గర వంగి చూశారు. ఎంత కళగా ఉందో అన్నారు. బతికుండగా కూడా ఇంత ఆరోగ్యంగా కనబడలేదంది ఒకావిడ, మెచ్చుకోలుగానే. మోటెల్‌లో కొత్తగా చేరిన వంటమనిషి, దేసాంకాని ఎరగని పిల్ల, ఫోటోని వేలితో తాకి అడిగింది.

"నీలం ఏప్రన్ ఎంత బాగుందో. ఆవిడ ఎప్పుడూ ఇదే కట్టుకునేదా అంకుల్?"

థనాసిస్ చప్పున వుకాశిన్ మోచెయ్యి పట్టుకున్నాడు. వుకాశిన్ ఆ చెయ్యి విడిపించుకుని, టోపీ తీసి, మిట్టమధ్యాహ్నపు ఎండలో రాయి ముందు నిలబడ్డాడు.

"తెల్లదమ్మా" అన్నాడు. "అది తెల్ల ఏప్రన్."